తిమింగిలమును కుట్టిన దోమ

1990వ సంవత్సరము సెప్టెంబరు మాసమున, అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున, ఓర్లాండో నగరపు సీవరల్డ్ అను జలచర ప్రదర్శనశాలలో, కాండూకీ అను పేరుగల మగ ఓర్కా ఒకటి మరణించెను. కెనడా పశ్చిమతీరమున పెడ్డర్ అఖాతపు చల్లని నీటిలో 1975లో పట్టువడినది మొదలు పదునైదేండ్లు సిమెంటు కొలనులలోనే బ్రతుకు వెళ్లబుచ్చిన ఆ మహాప్రాణి మెదడును పరీక్షించిన వైద్యులకు అందు దొరికినది సముద్రజలమున పుట్టిన సూక్ష్మజీవి కాదు. పక్షుల రక్తమున పెరిగి, దోమల నోట ప్రయాణము చేసి, మనుష్యులకు మెదడువాపు తెచ్చెడి సెయింట్ లూయిస్ వైరసు. నిలువనీట పుట్టి, మన చెవిచెంత గీపెట్టి, అరచేతి దెబ్బకు నలిగిపోవు అల్పకీటకము, సముద్రమున ఎదురెవ్వరును లేని జంతువునకు మృత్యువును మోసికొని వచ్చినది.

ఓర్కా యన నేమో ఒకింత చెప్పవలెను. ఆంగ్లేయులు దీనిని హంతక తిమింగిల మందురు గాని, వంశమునుబట్టి చూచినచో ఇది డాల్ఫినుల కుటుంబములో నెల్ల పెద్దది. ఎదిగిన మగది ఆరు మొదలు ఎనిమిది మీటర్ల పొడవుండును. దాని వీపున నిలువుగా లేచిన రెక్క ఒక్కటే నిలుచున్న మనిషి ఎత్తును అందుకొనును. చేపలను, సీలులను, ఒక్కొక్కప్పుడు తనకంటె పెద్దవైన తిమింగిలములను సైతము వేటాడి తినును. దానిని వేటాడు జంతువు మాత్రము సముద్రమున వేరొకటి లేదు. తల్లివెంట, తోబుట్టువులవెంట గుంపుగా తిరుగుచు, ఒక్కరోజున నూరు కిలోమీటర్ల దూరము సైతము ఈదగలిగిన ఈ జంతువు, విశ్రమించు వేళలయందును నిశ్చలముగా నుండదు. గుంపంతయు ఒకదాని ప్రక్క నొకటి వరుసగా చేరి, మునుగుచు తేలుచు, మెల్లగా ముందునకు సాగుచునే యుండును. ఇట్లు ఎల్లప్పుడును కదలునట్టిదియు, ఎక్కువకాలము నీటిక్రిందనే గడపునట్టిదియు నగు జంతువునకు దోమకాటు ఎట్లు సంభవించెనని పాఠకుడు అడుగుట న్యాయము.

కీటకములు ఆక్రమింపని చోటు నేలమీద దాదాపు లేదు. ఎడారి యిసుకలోను, హిమాలయపు మంచుతట్టునను, మన బియ్యపు డబ్బాలోను అవి కాపురముండును. సముద్ర మొక్కటే వానికి లొంగలేదు. నీటిమీద పరుగులిడు హాలోబేటీస్ అను పురుగుజాతిలో ఐదారు తెగలు తప్ప, తీరమును విడిచి నడిసముద్రపు నీటిపై బ్రతుకు కీటకమే లేదు. దోమ సంగతి మరింత స్పష్టము. దోమపిల్ల నీటిలో పుట్టినను నీటిలోని గాలి దానికి చాలదు. తోకచివరనున్న సన్నని గొట్టమును నీటిపైకి చాచి, తలక్రిందుగా వ్రేలాడుచు గాలి పీల్చుకొనును. అట్టి ప్రాణికి కావలసినది కదలని నీరు. అల లేచుచోట అది నిలువజాలదు. ఉప్పునీటి చిత్తడులలో పెరుగు దోమలు కలవు గాని, వానికిని మడుగే గతి, కడలి కాదు. ఈ విధముగా తిమింగిలములకును దోమలకును నడుమ సముద్రమే ఒక ప్రాకారమై, యుగయుగములుగా ఆ రెండు జాతులను ఒకదాని నొకటి ఎరుగనీయక కాపాడినది.

కొలను ఆ ప్రాకారమును కూల్చినది. ఓర్లాండోలోని ఆ శాలలోనే పూర్వము శిక్షకులుగా పనిచేసిన జాన్ జెట్, జెఫ్రీ వెంట్రీ అను నిరువురు 2012లో ప్రకటించిన వ్యాసమున ఈ విషయమును కండ్లకు కట్టినట్లు వ్రాసిరి. ప్రదర్శనలు ముగిసి, జనులు వెడలిపోయి, దీపము లారిన తరువాత, ఈదిపోవుటకు చోటులేని ఓర్కాలు నీటిపై దుంగలవలె గంటల తరబడి కదలక మెదలక తేలియుండును. నల్లని వీపు నీటికి పైన ఎండియుండును. అట్టి సమయమున దోమలు వచ్చి ఆ వీపులపై వ్రాలి రక్తము త్రాగును.

ఆ దృశ్యమును కొంచెము దగ్గరగా నిలిచి చూడుడు. ఓర్కా తన తలపైనున్న శ్వాసరంధ్రమును తెరచి, వెచ్చని ఊపిరిని ఒక్కుమ్మడిగా విడుచును. ఆ ఊపిరిలోని బొగ్గుపులుసు గాలియే దోమకు పిలుపు. ఆడుదోమ ఆ గాలిని వాసనపట్టి ఎదురుగా వచ్చును. దగ్గరకు వచ్చినపిమ్మట దేహపు వేడి త్రోవ చూపును. వ్రాలిన చోట తొండపు తొడుగు వెనుకకు వంగగా, అందుండి వెంట్రుకలకంటె సన్ననైన ఆరు సూదులు బయల్వెడలును. వానిలో రెండు రంపపు పండ్లతో చర్మమును కోయును. రెండు దారి నెడముచేయును. ఒకటి లాలాజలమును లోనికి చిమ్మును. ఒకటి రక్తమును పైకి పీల్చును. ఓర్కా పైచర్మము మన చర్మముకంటె ఎన్నోరెట్లు దళసరి యన్నమాట నిజమే. ఐనను లోచర్మము వ్రేళ్లవంటి మొనలుగా పైచర్మములోనికి చొచ్చుకొనివచ్చును, ఆ మొనలయందు సన్నని రక్తనాళికలు పారుచుండును. అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటి కలదు: మనిషి చేతితో కొట్టుకొనగలడు, ఆవు తోకతో విసరుకొనగలదు, ఏనుగు మట్టి చల్లుకొనగలదు. ఓర్కాకు దోమను తోలుకొనుటకు తగిన అవయవమే లేదు. సముద్రమున దానికి మునకయే ఆ పని చేసియుండెడిది.

దోమ కేవలము రక్తము త్రాగి పోయినచో పెద్ద కీడు లేదు; కీడంతయు ఆ లాలాజలమునందున్నది. సెయింట్ లూయిస్ వైరసు నిజమునకు పక్షుల సొత్తు. 1933లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున వేయిమందికి పైగా మెదడువాపుతో మంచము పట్టినప్పుడు ఇది మొదట గుర్తింపబడుటచే ఆ పేరు వచ్చినది. వైరసుగల పక్షిని కుట్టిన దోమ కడుపులోనికి ఆ వైరసు చేరి, కడుపుగోడ కణములలో పెరిగి, దోమ దేహమంతట వ్యాపించి, వారము పది దినములకు లాలాజల గ్రంథులను చేరును. ఎండ ముదిరినకొలది ఈ గడువు తగ్గును. అటుపిమ్మట ఆ దోమ ఎవ్వరిని కుట్టినను, బ్రతికినంతకాలము వైరసును పంచిపెట్టుచునే యుండును. మనిషి, గుఱ్ఱము మొదలగు జంతువుల రక్తమున ఈ వైరసు మరల వేరొక దోమకు అంటునంత విస్తారముగా పెరుగదు. కావున వైరసు దృష్టిలో మనము దారి ముగిసిపోవు సందులవంటివారము. కాండూకీ మరణించిన 1990లోనే ఫ్లోరిడా మధ్యభాగమున ఈ వ్యాధి రెండువందలకు పైగా మనుష్యులకు సోకినది. ఆ ప్రాంతమున దానిని మోయునది క్యూలెక్స్ నైగ్రిపాల్పస్ అను దోమ. పట్టణమంతయు దోమకాటుకు భయపడి చీకటిపడకముందే తలుపులు మూసికొనుచుండగా, తలుపులులేని కొలనులో ఓర్కా తేలుచుండెను.

అది ఒక్క పర్యాయము జరిగిన వింత అనుకొనుటకు వీలులేకుండ, పదునేడేండ్ల తరువాత అట్టిదే మరియొకటి జరిగినది. 2007 అక్టోబరులో టెక్సాస్ రాష్ట్రపు శాన్ ఆంటోనియో నగరమున, కొలనులోనే పుట్టి పెరిగిన టాకూ అను పదునాలుగేండ్ల మగ ఓర్కా, చెప్పుకోదగిన రోగలక్షణ మేదియు ముందుగా కనబరుపకయే మరణించెను. శవపరీక్షలో మెదడు వాచియున్నట్లు తెలిసినది గాని, వాపునకు కారణము తెలియలేదు. అంతట పరిశోధకులు ఒక క్రొత్త సాధనమును ఆశ్రయించిరి. వేల వైరసుల జన్యుపదార్థపు తునకలను చుక్కలు చుక్కలుగా అంటించిన గాజుపలకపై, రోగి కణజాలమునుండి తీసి మెరయునట్లు చేసిన జన్యుపదార్థమును పోసినచో, అది తనకు జోడైన చుక్కకే అంటుకొని వెలుగును. ఏ చుక్క వెలిగినదో చూచి, వైరసు పేరు ఊహింపవచ్చును. ఫలానా వైరసును వెదకుచున్నామని ముందుగా అనుకొననవసరము లేకపోవుటయే ఈ పద్ధతిలోని గొప్పతనము. ఏలయన, తిమింగిలపు మెదడులో దోమకాటు వైరసును వెదకవలెనని ఎవ్వరికి తోచును? టాకూ మెదడు విషయమున వెలిగిన చుక్క పశ్చిమ నైలు వైరసుది. ఇతర పరీక్షలును దానినే స్థిరపరచినవి; నాడీకణముల లోపలనే ఆ వైరసు అంశములు కానవచ్చినవి. ఈ వృత్తాంతము 2011లో ప్రకటితమైనది.

పశ్చిమ నైలు వైరసు చరిత్ర కొంత తెలిసికొనదగినది. 1937లో ఆఫ్రికాలోని యుగాండా దేశమున, పశ్చిమ నైలు జిల్లాలో, జ్వరపీడితురాలైన ఒక స్త్రీ రక్తమున ఇది మొదట దొరికినది. ఆరు దశాబ్దములు తూర్పు అర్ధగోళమునకే పరిమితమై, 1999లో హఠాత్తుగా న్యూయార్కు నగరమున ప్రత్యక్షమైనది. వీధులలో కాకులు రాలిపడినవి. బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలలో రాజహంసలవంటి ఫ్లెమింగోలు చచ్చినవి. మనుష్యులకు వచ్చినది సెయింట్ లూయిస్ మెదడువాపు అని వైద్యాధికారులు మొదట నిర్ణయింపగా, ఆ వ్యాధి పక్షులను చంపదే, ఈ పక్షు లేల చచ్చుచున్న వని ఆ శాలలోని పశువైద్యురాలు ట్రేసీ మెక్‌నమారా పట్టు విడువక ప్రశ్నించెను. సత్యము ఆమె పక్షముననే యున్నది. ఆ వైరసు అయిదేండ్లలోపలనే అమెరికా ఖండమును అడ్డముగా దాటి పసిఫిక్ తీరమును చేరినది. దోవలో తగిలిన సముద్ర క్షీరదములు ఓర్కాలు మాత్రమే కావు. మెదడును వెన్నుపామును చెరచిన ఇదే వైరసు ఒక హార్బరు సీలును చంపిన వృత్తాంతము 2006లో వెలువడినది. దోమలే మోసెడి మరియొక వ్యాధి, గుఱ్ఱములకు కాలాంతకమైన తూర్పు అశ్వ మెదడువాపు, ప్రదర్శనశాలలోని హార్బరు సీలునకు సోకినట్లు 2008లో తెలిసినది. ఫ్లోరిడా తూర్పుతీరపు ఇండియన్ నదీ ఉప్పుకయ్యలో స్వేచ్ఛగా తిరుగు డాల్ఫినుల రక్తమునందు సైతము ఇట్టి వైరసులకు ప్రతిరక్షకములు కనబడినవి. కావున ఇది బందీల వ్యాధి మాత్రమే యనుట పొరపాటు. ఐనను ఆ డాల్ఫినులు తిరుగునది లోతులేని, అల చిన్నదైన, చుట్టును మడయడవులు గల నీట ననుట మరువరాదు. సముద్రము నేలకు ఎంత దగ్గరైనదో, జంతువు దోమకు అంత దగ్గరైనది.

ఇంతదాక వైరసుల మాట. ఇక పురుగుల సంగతి. ఇందు తెలుగు పాఠకునకు కొంత పరిచయము కలదు. మన తీరపు జిల్లాలలో బోదకాలు ఎరుగనివారు తక్కువ. బోదకాలు పురుగును మోయు క్యూలెక్స్ క్విన్క్వెఫాసియేటస్ మన ఇంటి మురుగుకాలువలో పుట్టునదే. దోమ రోగమును మోయునని లోకమునకు మొదట తెలిసినదియు ఈ వంశపు పురుగువలననే: 1877లో చీనా దేశపు అమోయ్ పట్టణమున పాట్రిక్ మాన్సన్, బోదపురుగు పిల్లలు దోమ కడుపులో పెరుగుట కనుగొనెను. ఐతే దోమ చచ్చి నీటబడగా, ఆ నీరు త్రాగినవారికి వ్యాధి వచ్చునని అతడు పొరబడెను. దోమకాటే దారి యను సత్యము తేలుటకు మరి రెండు దశాబ్దములు పట్టినది. మన సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న దోమ కడుపుగోడపై మలేరియా క్రిమిని చూచిన రొనాల్డ్ రాస్, మరుసటి యేడు కలకత్తాలో పిచ్చుకలను, క్యూలెక్స్ దోమలను ఉంచుకొని ఆ చక్రమును పూర్తిగా విప్పిచెప్పెను. క్రిమి దోమ లాలాజల గ్రంథులను చేరి కాటుతో దిగుననుట అప్పుడే రుజువైనది. ఓర్కా వీపుపై నేడు మనము చదువుచున్న పాఠమునకు ఓనమాలు అచ్చట దిద్దబడినవి.

బోదపురుగునకు దాయాదియగు గుండెపురుగు కుక్కలలో విస్తారముగా కానవచ్చును. దాని శాస్త్రనామము డైరోఫిలేరియా ఇమ్మిటిస్. ఆడుపురుగు జానెడుకంటె పొడవై, ఉడికిన సేమియా పోగువలె తెల్లగా నుండి, గుండె కుడిగదిలోను, అచ్చటినుండి ఊపిరితిత్తులకు పోవు రక్తనాళములోను చుట్టలు చుట్టుకొని కాపురముండును. అది కనిన కంటికానని పిల్లలు రక్తమున తేలుచుండగా దోమ పీల్చుకొనును. దోమలో రెండు వారములు పెరిగి, తొండపు కొనకు చేరి, తరువాతి కాటులో దిగి, మూడు నాలుగు నెలలకు గుండెను చేరును. కాలిఫోర్నియా తీరపు చల్లని రాళ్లపై బ్రతుకవలసిన సముద్రసింహములను తెచ్చి ఫ్లోరిడా ఉక్కపోతలో ఉంచినప్పుడు, వానికిని ఈ పురుగు సోకినది. 1970వ దశకపు ప్రారంభముననే పశువైద్యులు దీనిని గుర్తించిరి. సముద్రసింహపు గుండె లోతునకు మునిగినప్పుడు మిక్కిలి నెమ్మదించి, పైకి వచ్చినప్పుడు వేగమందుకొను నేర్పుగల యంత్రము. అట్టి యంత్రపు నాళములో పురుగుల చుట్ట అడ్డుపడుట ఎంత దారుణమో ఊహింపవచ్చును.

చిత్రమేమనగా, సీలులకు తమదైన గుండెపురుగు వేరొకటి అనాదిగా కలదు. దానిని మోయునది మాత్రము దోమ కాదు, పేను. అకాంథోకీలోనీమా అను ఈ పురుగునకు సముద్రమున దోమ దొరకదు గనుక, సీలు వెంట్రుకలను గోళ్లతో గట్టిగా పట్టుకొని, యజమానితోపాటు మునిగి తేలెడి పేనునే అది వాహనముగా చేసికొన్నది. ఈ పేల ఓర్పు అద్భుతము. ఏనుగుసీలు రెండు కిలోమీటర్ల లోతునకు సైతము మునుగును. దాని పేలను అంతటి లోతునకు సరియైన ఒత్తిడిలో ఉంచి పరీక్షింపగా, అవి బ్రతికి బయటపడినట్లు 2020లో ప్రకటితమైనది. దక్షిణ సముద్రమున మాక్వారీ ద్వీపపు ఏనుగుసీలుల పేలనుండి ఒక వైరసును సైతము వేరుచేసిరి. అది మన చికున్‌గున్యాకు జ్ఞాతి. ఆ కుటుంబమున దోమలు మోయు వైరసులే అనేకము. సముద్రము దోమను రానీయకున్నచో, ఆ వంశపు వైరసు పేనును వెదకికొన్నదన్నమాట. ఐనను, పేను మోసిన రోగముతో సీలులు లక్షల యేండ్లుగా సహజీవనము చేసినవి; దోమ మోసిన రోగము వానికి నిన్నటి చుట్టము. ఈ తేడాయే ప్రమాదమునకు మూలము.

ఆ చుట్టము ఇప్పుడు కొలనులను దాటి స్వేచ్ఛగానున్న జంతువుల ముంగిటికే పోవుచున్నది. పసిఫిక్ సముద్రమున గలాపగోస్ దీవులలో ఉప్పుచిత్తడి దోమ యొకటి ప్రాచీనకాలమునుండి ఉన్నది. మన మురుగుకాలువ క్యూలెక్స్ మాత్రము 1980వ దశకమున వచ్చి చేరినది, విమానములలో నేటికిని మరల మరల వచ్చుచునే యున్నదని పరిశోధకులు జన్యుపరీక్షలచే తేల్చిరి. శాన్ క్రిస్టోబల్ దీవిలోని రేవుపట్టణమున సముద్రసింహములు వీధిబల్లలపై నిద్రించును; ఆ బల్లలక్రిందనే ఊరకుక్కలు తిరుగును. గుండెపురుగునకు కావలసిన ముగ్గురును, కుక్క, దోమ, క్రొత్త యజమాని, ఒక్క వీధిలో చేరిరి. హవాయి దీవుల సంగతియు తలచికొన్నచో మనస్సు బెదరును. 1826కు ముందు అచ్చట దోమయే లేదు. ఓడ నీటిపీపాలలో ఈ క్యూలెక్సే దిగి, పక్షి మలేరియా వ్యాపింపగా, ఆ దీవులలో తప్ప మరెచ్చటను లేని పిట్టలు జాతులకు జాతులుగా అంతరించినవి. అచ్చటి తీరపుటిసుకలో పగలెల్ల పడుకొని నిద్రించు మంక్ సీలులు లోకమున పదునారు వందల ప్రాంతమే మిగిలియున్నవి. పశ్చిమ నైలు వైరసు హవాయిని ఇంకను చేరలేదు. చేరిన నాడు పక్షులు, దోమలు, నిద్రించు సీలులు దానికొరకు సిద్ధముగానే యున్నవి.

చికిత్స మాట అడుగువారికి చెప్పదగినది కొద్దియే. గుండెపురుగునకు మందు కలదు: సతోషి ఒమురా, విలియం కాంబెల్ అనువారికి 2015లో నోబెల్ బహుమానము తెచ్చిన ఐవర్‌మెక్టిన్. గుండెపురుగు తిరుగు ప్రాంతములలో బందీ సముద్రసింహములకు ఇట్టి నివారక ఔషధమును చేపలో పెట్టి ఇచ్చెదరు. వైరసునకు అట్టి ఔషధము లేదు. మెదడు వాచినపిమ్మట వైద్యుడు చేయగలిగినది అల్పము. కొలను చుట్టుప్రక్కల నిలువనీరు లేకుండ చూచుట, రాత్రివేళ గాలిపంకాలు త్రిప్పుట, చుట్టును వలలు కట్టుట వంటి ఉపాయములు కలవు. కాని కదలక తేలుచున్న జంతువును కదల్చుటకు చాలినంత నీరు ఏ కొలనులోను లేదు.

మన దేశమున ఈ ప్రశ్న ఒకప్పుడు ఊహామాత్రము కాదు. కొన్ని రాష్ట్రములలో డాల్ఫినుల ప్రదర్శనశాలలు కట్టవలెనని ప్రతిపాదనలు రాగా, కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ 2013 మే నెలలో అట్టివానికి అనుమతి ఇయ్యరాదని రాష్ట్రములకు తెలియజేసెను. ఆ ఆదేశమునకు డాల్ఫినుల తెలివియు, బంధనము వానికి కలిగించు బాధయు కారణములుగా చెప్పబడినవి. దానికి మన వాతావరణమును జోడించి ఆలోచింపుడు: ఏడాది పొడవునను దోమలు పుట్టు తీరము మనది, వరిమళ్లలో, కొంగల రక్తమున, పందుల రక్తమున జపనీస్ మెదడువాపు వైరసు తిరుగు నేల మనది, ఆ వైరసు కాండూకీని చంపినదానికిని టాకూను చంపినదానికిని సొంత కుటుంబములోనిది. విశాఖ తీరముననో మరియొకచోటనో పర్యాటకుల కొరకు డాల్ఫినుల కొలను కట్టుదమని ఎవరేని మరల ముందుకు వచ్చినచో, కాండూకీ, టాకూల పేర్లు వారికి వినిపింపవలెను; ఆ ఆదేశమును సడలింపుమని మన రాష్ట్రము లేనాడును కోరరాదు.